ఆరున్నొక్కడు

మా అమ్మ నోట ‘ఏడు’ అనే మాటను నా ముప్పై నాలుగేళ్ల జీవితంలో ఒక్కసారే విన్నాను.

అంకెగానే కాదు, సంవత్సరమనే అర్థంలోనూ ఆమె ఆ మాట పలికేది కాదు. ‘సమచ్చరం’ అనేది. నేను కుడతిని కరెంటు ప్లాంటుకు పనికి పోయే ఏడు గంటల బస్సు ఆమెకు ‘ఆరు దాటినంక వచ్చే బస్సు’. తిరుపతిలో కొండలెన్నవ్వా అని నా కూతురు అడిగితే, “ఎక్కేవాని కాళ్లకు తెలుస్తాదిలే” అని తప్పించుకుంది.

చాలాకాలం నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఆరు తర్వాత ఏడు అనరు. ధాన్యం ముందు కూర్చుని ‘ఏడు’ అంటే ఆ ఇంటిని ఏడవమన్నట్టేనట. అందుకని ‘ఆరున్నొక్కటి’ అంటారు. ఆరు, దానిపైన ఒకటి. ఆ తర్వాత ఎనిమిది మామూలే.

మా అమ్మ ఉరుకుందమ్మ ముప్పై ఏళ్లపాటు అలాగే కొలిచింది. ఆదోని వైపు నుంచి పెళ్లయి, కర్ణాటకలో కంప్లి దగ్గరి మా ఎమ్మిగనూరుకు వచ్చేనాటికి ఆమెకు పదహారేళ్లు. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద భూములు చేసుకుంటున్న క్యాంపు రైతుల పొలాల్లో నాట్లు వేసింది, కోతలు కోసింది. అక్షరం ముక్క రాదు. అయినా కళ్లంలో రాగం తీసి కొలత చెప్పడానికి వెంకటప్పయ్య అనే రైతు ఆమెకే కబురు పెట్టేవాడు.

“ఏవమ్మా ఉరుకుందమ్మా, నువ్వు పాడితే గానీ బస్తాల్లోకి ఎక్కనంటున్నాయి నా వడ్లు!” అనేవాడట.

“నీ వడ్లకు నా గొంతు మీద మోజు అయ్యా. నీకు చెవుడు గాబట్టి బతికిపోయినావు” అనేదట మా అమ్మ.

కోత మిషన్లు వచ్చి వడ్లు పొలం నుంచే లారీల్లో కాటాకు పోవడం మొదలయ్యాక ఆ పాట ఆగిపోయింది. వెంకటప్పయ్య ఇంటివాళ్లు ఇచ్చిన ఒక చిన్న ఇత్తడి గ్లాసు మాత్రం ఆమె దగ్గర మిగిలింది. ప్రతి పొద్దునా దానితో మా నలుగురికీ రెండు పూటలకు సరిపడా ఆరు గ్లాసుల బియ్యం కొలిచేది. ఆరున్నొక్కటి మాత్రం గిన్నెలో పడేది కాదు. దాన్ని పొయ్యి పక్కనున్న మట్టిపిడతలో పోసేది. అమాస నాడు ఆ పిడతలోని బియ్యం వండి ఇంటి వెనక కాలవ మెట్ల మీద పెట్టి వచ్చేది. కాకులకనుకునేవాణ్ణి నేను.

నా భార్య నేత్రావతి కంప్లిలో బట్టలు కుట్టే షాపుకు పోయేది. మా సహన పాలు మానిన దగ్గర్నుంచీ వాళ్లవ్వ చేతిలోనే పెరిగింది. చదువు చెబుతున్నానని అమ్మ ఎప్పుడూ అనలేదు. పాపతో పని చేయించుకునేది, అంతే.

“పాపా, తొడిమ ఉండే మిరక్కాయలు ఈడ, లేనివి ఆడ.”

“రొట్టెల్లో అన్నిటికన్నా పెద్దది మీ నాయనకు. దానికన్నా చిన్నది మీ అమ్మకు. అన్నిటికన్నా చిన్నది నీకు. వరసగా పెట్టు చూద్దాం.”

“మరి నీకో అవ్వా?”

“మాడిపోయింది నాది. దానికి పెద్దా చిన్నా లేదు.”

వంకాయను సగం కోయడం, సగాన్ని మళ్లీ సగం చేయడం, మూత చప్పుడు విని అన్నం ఉడికిందో లేదో చెప్పడం, రెండు గుమ్మడికాయలు చేత్తో ఎత్తి ఏది బరువో తేల్చడం. నాలుగేళ్లకే మా పాపకు ఇవన్నీ వచ్చు. నాకు ఇప్పటికీ రావు. నాకు అంకెలు నేర్పింది బడిపంతులు, అమ్మ కాదు. ఎందుకు నేర్పలేదని అడగాలని కూడా నాకు ఎప్పుడూ తోచలేదు.

లెక్కలన్నిటికన్నా గట్టిగా నేర్పింది మెట్ల లెక్క. వెనక తలుపు తీస్తే పది అడుగుల్లో కాలవ. మా ఇంటి దగ్గర అది వంపు తిరుగుతుంది. బట్టలు ఉతుక్కోవడానికి ఎవరో ఎప్పుడో వేసిన రాతిమెట్లు అక్కడున్నాయి. ఎండాకాలంలో నీళ్లు ఆపేసినా ఆ వంపులో మడుగు ఇంకేది కాదు. నేను పుట్టినప్పటి నుంచీ వాటి అడుగు చూడలేదు. సాయంత్రం గిన్నెలు కడుక్కోవడానికి దిగేటప్పుడు పాప చేయి పట్టుకుని మెట్టుకొక మాట అనిపించేది అమ్మ. లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఆరో మెట్టు అంచును నీళ్లు తాకుతుంటాయి. అక్కడ ఆగాలి.

“ఆరున్నొక్కటి యాడుందవ్వా?”

“నీళ్ల కింద ఉండాది. అది మనది గాదు.”

“ఎవరిది?”

ఈ ప్రశ్నకు అమ్మ ఏ రోజూ జవాబు చెప్పేది కాదు. ఒకరోజు నేను గట్టు మీద నిలబడి ఉండగా, గిన్నె జాలిస్తూ తల ఎత్తకుండానే అంది: “ఆరున్నొక్కడిది.”

అన్నానని ఆమెకే తెలిసినట్టు లేదు. పాప మాత్రం పట్టుకుంది. మరుసటి పొద్దు బియ్యం కొలుస్తూ, “ఐదు, ఆరు, ఆరున్నొక్కడు” అంది. వస్తువైతే ఒకటి, మగమనిషైతే ఒక్కడు. ఐదేళ్లు నిండని పిల్లకు ఆ తేడా బాగానే తెలుసు. నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. దిద్దనూ లేదు. పిడతలో గ్లాసు ఒంపి, మూత పెట్టింది.

ఏడాది గడిచింది. అంగన్‌వాడీ టీచరు ఉచ్చంగెమ్మ నన్ను పిలిపించింది. ఆమె కన్నడం, తెలుగు కలిపే మాట్లాడుతుంది.

“సిద్ధేశప్పా, మీ పాప శానా జాణ. ఆరు తనక గంట కొట్టినట్టు చెప్తాది. ఆమేలె ఏమంటాదో తెలుసా? ఆరున్నొక్కడంట! అదేం లెక్కప్పా? పిల్లోళ్లు దీనికి ఆ పేరే పెట్టినారు. వచ్చే జూన్‌కు ఒకటో తరగతి. అంతలోపల సరి చేయించు.”

గోడవారన పాప తల దించుకుని నిలబడి ఉంది. ఇద్దరు పిల్లలు కిటికీలోంచి తొంగి చూసి “ఏయ్ ఆరున్నొక్కడా!” అని పారిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం పాపను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. “ఆరు తర్వాత ఏడు. అను.”

“అవ్వ వద్దనింది.”

“నేను అనమంటున్నాను.”

వంటింటి వైపు చూసింది. అను, అను అని నేను గద్దించే కొద్దీ పెదవులు బిగబట్టింది. చివరికి ఏడు అంటూనే ఏడ్చేసింది. వంటింట్లో చప్పుడంతా ఆగిపోయింది. అమ్మ బయటికి రాలేదు.

అప్పుడు నాకొక తెలివైన ఉపాయం తట్టింది. తెలుగు మాటే కదా వద్దన్నది, కన్నడం నేర్పితే సరి. బడిలో పనికొచ్చేదీ అదే. “ఒందు, ఎరడు, మూరు, నాల్కు, ఐదు, ఆరు, ఏళు.” పాప వెంటనే పట్టుకుంది. ఆ ‘ఏళు’ ఆమెకు ఎంత నచ్చిందంటే, ఇల్లంతా తిరుగుతూ అదే పాడింది. కన్నడంలో ఏళు అంటే ఏడు. ‘లే, లేచి రా’ అనడానికి కూడా అదే మాట. మా ఊళ్లో పాలు తాగే పిల్లలను పొద్దున లేపేది ఆ మాటతోనే. నాకు ఆ రోజు అది తట్టలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పాప మెట్లు దిగుతూ కొత్త లెక్క చెప్పుకుంది. నేను గట్టు మీద బండి కడుగుతున్నాను. ఆరో మెట్టు మీద నిలబడి, నీళ్ల వైపు తిరిగి, రాగం తీస్తూ అంది: “ఏళు. ఏళు. ఏళు.”

అమ్మ చేతిలో చేట వదిలేసి పరుగెత్తుకొచ్చింది. చేత్తో పాప నోరు మూసింది.

“ఎవర్ని లేపుతాండావే!”

తర్వాత వంగి, నిద్రలో కదిలిన పసిపిల్లవాణ్ణి జోకొట్టే గొంతుతో నీళ్లకు చెప్పింది: “నిన్ను గాదు నాయనా. పడుకో.”

కాలవ కుడి నుంచి ఎడమకు పారుతుంది. ఆ పూట కూడా పారుతూనే ఉంది. ఆరో మెట్టు ముందు ఒక వేపాకు మాత్రం కదలకుండా ఆగి ఉంది. వంపు కదా, సుడి ఉంటుంది అనుకున్నాను.

“అమ్మా, పాపను బెదరగొట్టొద్దు. లెక్క లెక్కే” అన్నాను కోపంగా.

“లెక్క లెక్కేలేప్పా” అంది అమ్మ. “వినేవాళ్లు ఒకరు గాదు గదా.”

కార్తీకమాసంలో ఒకరోజు నేను మధ్యాహ్నం మూడింటికే ఇల్లు చేరాను. అమ్మ వసారాలో అలసందలు ఒలుస్తోంది. పాప ఏదంటే లోపల ఉందంది. లోపల లేదు. వెనక తలుపు తీసి ఉంది.

ఇద్దరం ఒకేసారి గట్టు చేరాం. సహన నీళ్లలో ఉంది. ఆరో మెట్టు దాటి, ఎదలోతు నీళ్లలో, మా వైపు తిరిగి నిలబడి ఉంది. కొట్టుకోవడం లేదు, తూలడం లేదు. నేల మీద నిలబడినట్టు నిటారుగా ఉంది. ఆ నెల కాలవ ఆరో మెట్టు మునిగేలా నిండుగా, వడిగా పారుతోంది. ఆమె గౌనును మాత్రం నీళ్లు ఎటూ లాగుతున్నట్టు లేదు.

“నాన్నా చూడు. ఏళు మీద నిలబడినా!”

నేను దూకబోయాను. అమ్మ నా చొక్కా పట్టి వెనక్కు లాగింది. అంత బలం ఆమెకు ఎక్కడిదో తెలియదు. తానే మెట్లు దిగి ఆరో మెట్టు మీద కూర్చుంది. నడుము దాకా చీర తడిసింది. చేయి చాపింది గానీ పాపను పట్టుకోలేదు.

“తల్లీ, లెక్క ఎనక్కు చెప్దామా? ఎవరు ముందు చెప్తారో చూద్దాం. ఆరు అను.”

“ఆరు” అంది పాప. ఒక కాలు ఎత్తి ఆరో మెట్టు మీద పెట్టింది. తర్వాత రెండోది.

“ఐదు అను.”

“ఐదు.”

అలా ఒక్కో అంకెకూ ఒక్కో మెట్టు ఎక్కించింది. “లాభం” అంటూ పాప గట్టు మీదికి వచ్చాక నేను ఎత్తుకున్నాను. ఆమె ఒళ్లు వెచ్చగా ఉంది.

అమ్మ మెట్ల మీదే ఉండిపోయింది. ఎంత పిలిచినా రాలేదు. పాపను ఇంట్లో పడుకోబెట్టి నేను తిరిగి వెళ్లి, ఆమె పక్కన కూర్చున్నాను. నీళ్ల వైపే చూస్తూ చెప్పింది.

“నీకు ముందు హంపన్న పుట్టినాడు.”

ఆ సంగతి నాకు తెలుసు. జ్వరం వచ్చి పోయాడని మా నాన్న చెప్పేవాడు.

“జొరం గాదు. వానికి ఆరు నిండినాయి. నేనే లెక్క నేర్పితి, ఈ మెట్ల మీదే. దినామూ ఆరు తనక దిగి ఆగేవాడు. ఆ పొద్దు నేను పైన గిన్నెలు తోముతాండా. ఆమీద ఏందమ్మా అని అడిగినాడు. నేను వాని దిక్కు చూడకుండానే చెప్తి.” తడిసిన కొంగు పిండుకుంది. “ఏడు అంటి.”

అదే ఆ ఒక్కసారి.

“వాడు కాలు పెట్టినాడు” అంది.

నాకు అమ్మ అంకెలెందుకు నేర్పలేదో ఆ సాయంత్రం తెలిసింది. మనవరాలికి నేర్పడానికి ఆమెకు ఎంత గుండె కావాల్సి వచ్చిందో కూడా. వెనక తలుపుకు ఆ రోజే తాళం వేశాను. సహనకు జూన్‌లో ఆరు నిండుతాయి. అమ్మ ఆ లెక్కే వేసుకుంటోందని నాకు అర్థమైంది. నా భయం కూడా అప్పటి నుంచే మొదలైంది.

పుష్యమాసంలో అమ్మ పోయింది. జబ్బేమీ లేదు. పొద్దున బియ్యం కొలుస్తూ గోడకు ఒరిగింది. నేత్రావతి స్నానానికి పోయింది, పాప ఒక్కతే ఎదురుగా ఉంది. నేను వెళ్లేసరికి ఆరు గ్లాసుల బియ్యం గిన్నెలో ఉన్నాయి. ఇత్తడి గ్లాసు అమ్మ చేతిలోనే ఉంది, నిండుగా. ఒక్క గింజ కింద పడలేదు.

“అవ్వ ఆరు అనింది. మల్లా చెప్పలేదు” అంది పాప.

వాకిట్లో పడుకోబెట్టాం. పాప ఏడవలేదు. అవ్వ పక్కన గొంతుకూర్చుని, నేను నేర్పిన మాటతో, భుజం తట్టి లేపింది. “ఏళు అవ్వా. ఏళు.”

పక్కింటి ముసలామె హులిగెమ్మ ఆ పిల్లను దగ్గరికి లాక్కుంది. “లోపల పెట్టుకోకు తల్లీ. ఏడు. ఏడు” అని వీపు నిమిరింది.

ఒకరు లేవమంటున్నారు, ఒకరు ఏడవమంటున్నారు. ఇద్దరి నోటా ఒకే అంకె. నాకు అవి మాటల్లా వినపడలేదు. ఎవరో లెక్కను అక్కడే ఆపి, మళ్లీ మళ్లీ అదే చెబుతున్నట్టు వినపడింది. నేను ఇంటి వెనక్కు వెళ్లి తలుపు తాళం చూసి వచ్చాను. వేసే ఉంది.

తర్వాత నుంచి బియ్యం కొలిచే పని సహన తీసుకుంది. ముగ్గురికి ఐదు గ్లాసులు చాలని నేత్రావతి అంటే ఒప్పుకోలేదు. ఆరు కొలిచింది, ఆపైన పిడతలో ఒకటి పోసింది. “పోనీలేండి, మిగిలింది కోడికి వేస్తా” అంది నేత్రావతి నాతో. అమాసకు నేనే తాళం తీసి, అన్నం మెట్ల మీద పెట్టి వచ్చేవాణ్ణి. పాపను రానిచ్చేవాణ్ణి కాదు.

ఏప్రిల్‌లో కాలవకు కాంక్రీటు వేసే పని మా వంపు దాకా వచ్చింది. ఇంజన్లు పెట్టి మడుగు తోడేశారు. మూడో రోజుకు అడుగు కనిపించింది. డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు గట్టు మీద విడిచి, మెట్లు దిగాను. మనసులోనే లెక్కపెట్టుకున్నాను. ఆరు.

ఆరో మెట్టు కింద ఏమీ లేదు. రాయి లేదు, మట్టి దిబ్బ కూడా లేదు. నీళ్లు గట్టును లోపలికి తొలిచేశాయి. ఒక వాసం తెచ్చి దించితే నా నిలువెత్తు కన్నా ఎక్కువే లోపలికి పోయింది.

బురద తీస్తున్న మిషన్ అతన్ని అడిగాను. “ఈడ మెట్టేమైనా తీసినావా అప్పా?”

“ఈడ ఇంకో మెట్టు యాడిదన్నా? ఆరే ఉండె. కింద గుంత. సూసుకోని దిగు” అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి పాప నేల మీద చింతగింజలు వరస పేరుస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. పక్కకు దొర్లిన గింజనొకటి వరసలో పెడుతూ అడిగాను.

“ఆ పొద్దు నీళ్లలో నిలబడినావు గదా. అది మెట్టేనా?”

“ఊఁ.”

“ఎట్లుండె?”

గింజల మీద నుంచి చూపు తీయలేదు. “ఒకటి గాదు నాన్నా. రెండు ఉండె. చిన్నవి. ఒక కాలికి ఒకటి.”

నాకు అర్థం కాలేదనుకుంది. విసుగ్గా వివరించింది. “జాతరలో తేరు కనపడలేదని నన్ను నీ భుజాల మీద నిలబెట్టుకుంటివే. అట్ల.”

కాంక్రీటు పోయకముందే అమాస వచ్చింది. పిడతలోని బియ్యమంతా నేత్రావతి వండింది. ఈసారి పాపను ఆపలేదు. పొద్దెక్కుతుండగా ముగ్గురం వెనక తలుపు తీసుకుని వెళ్లాం. పాప చేయి నా చేతిలో గట్టిగా ఉంది. లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు.

అక్కడ ఆగి, పాప నా ముఖంలోకి చూసింది. ఏ మాట అనాలో నన్నే చెప్పమన్నట్టు చూసింది. బడిలో ఆమె ఏళు అంటుంది. టీచరుకు ఇప్పుడు ఏ ఫిర్యాదూ లేదు. ఇక్కడేమనాలో కూడా ఆమెకు తెలుసు. కానీ దాన్ని ఆమె నోటి నుంచి గద్దించి పోగొట్టింది నేను.

“ఆరున్నొక్కడు” అన్నాను.

పాప వంగి అన్నం ముద్దను మెట్టు అంచున పెట్టింది. కింద ఎండిన గుంత వైపు చూసి, వాళ్లవ్వ గొంతుతో మెల్లగా అంది: “నిన్ను లేపలేదు. పడుకో.”

తిరిగి ఎక్కుతూ లెక్క వెనక్కు చెప్పింది. ఆరు. ఐదు. నాలుగు. ఒక్కో అంకె చెప్పి కాస్త ఆగుతోంది. తన వెనక ఎవరో దాన్ని తిరిగి చెప్పడం కోసం ఆగినట్టు. నేత్రావతి నా వైపు చూసింది. ఇద్దరం వెనక్కు తిరగలేదు. పాప తొందరపడలేదు. మూడు అని ఆగింది, రెండు అని ఆగింది. గట్టు అంచున మెట్టు మీద కాలు పెట్టి, వెనక నుంచి వినవలసింది విన్నాక, “లాభం” అంది.